ప్లగ్-ఇన్ హైబ్రిడ్: కాగితం మీద 40 కి.మీ., గుంటూరు రోడ్డు మీద ఎంత?

పటమట_వాసి · 11 మే, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది పటమట, ఆఫీసు గుంటూరు లక్ష్మీపురంలో. రోజూ వారధి మీదుగా వెళ్ళి రావడమే, ఒకవైపు 38 కి.మీ. దాకా వస్తుంది. హైదరాబాద్‌లో ఉండే మా బావ తన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ ఎస్‌యూవీ అమ్మేద్దామనుకుంటున్నాడు. అంటే గోడ ప్లగ్గు దగ్గర ఛార్జి పెడితే కొంత దూరం కరెంటుతో, ఆ తర్వాత పెట్రోలుతో నడిచే కారు. "బయటివాళ్ళకి ఇచ్చేకంటే నువ్వే తీసుకో, ముందు కొన్నాళ్ళు నడిపి చూడు" అని కారు నా దగ్గర వదిలి వెళ్ళాడు. కంపెనీ పేరు ఇక్కడ రాయను. నా సందేహం ఆ కంపెనీ గురించి కాదు, ఈ రకం కార్ల గురించి.

బ్యాటరీ 10 యూనిట్ల చిల్లర. ఫుల్ ఛార్జి మీద 40 కి.మీ. ఒట్టి కరెంటుతో నడుస్తుందని కాగితంలో ఉంది. పొద్దున ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు స్క్రీన్ 36 చూపిస్తుంది. బెంజి సర్కిల్ దాటి, వారధి ఎక్కి, హైవే మీద 95, 100లో పోతుంటే మంగళగిరి వచ్చేసరికి సగం పైగా అయిపోతుంది. నాగార్జున యూనివర్సిటీ గేటు దగ్గరో కాస్త ముందో ఇంజన్ స్టార్ట్ అవుతుంది. అంటే 24, 25 కి.మీ. వస్తోంది. కార్లో నేనొక్కడినే, ఏసీ 24 మీద.

బ్యాటరీ దెబ్బతిందా, లేక ఈ కార్లు ఇంతేనా? పూర్తి ఎలక్ట్రిక్ తీసుకుందామంటే అమ్మని హైదరాబాద్ హాస్పిటల్‌కి తరచూ తీసుకెళ్ళాలి, దారిలో ఛార్జింగ్ అంటే ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. నడిపినవాళ్ళు, తెలిసినవాళ్ళు చెప్పండి.

నెక్సాన్_గుంటూరు · 11 మే, రాత్రి 10:15

అన్నా, బ్యాటరీ పోయిందని అప్పుడే అనుకోకండి. నాది 30.2 యూనిట్ల పాత నెక్సాన్ ఈవీ, పూర్తి ఎలక్ట్రిక్ కారు. దాని కాగితం మీద 312 కి.మీ. ఉంటుంది. గుంటూరు ఊళ్ళో తిరిగితే 220 దాకా, హైవే మీద ఏసీ వేసుకుని 90లో పోతే 190, 200 వస్తుంది. కొన్నప్పుడే ఆ లెక్కతో కొన్నాను కాబట్టి నాకు బాధ లేదు. మీకు నలభైకి పాతిక అంటే దాదాపు నాకొచ్చే పాళ్ళే.

భవానీపురం_లక్ష్మి · 12 మే, ఉదయం 6:50

మాది ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్. అందులో ఈవీ అని పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది, దానికి ప్లగ్గే లేదు. మీరు చెప్పేది అదేనా, వేరేనా? షోరూంలో "అరవై శాతం సమయం కరెంటు మీదే" అన్నారు. అలాంటప్పుడు ప్లగ్ పెట్టి ఛార్జి చేసుకోవాల్సిన కారు ఎందుకు అనిపిస్తోంది.

బ్రాడీపేట_మాస్టారు · 12 మే, ఉదయం 8:30

లక్ష్మి గారు, రెండూ వేరు. మీ కార్లో బ్యాటరీ చాలా చిన్నది, రెండు యూనిట్లు కూడా ఉండదు. బ్రేకు వేసినప్పుడు, ఇంజన్ తిరిగేటప్పుడు పుట్టిన కరెంటు కాసేపు దాచుకుని తిరిగి వాడుతుంది. అందులో ఖర్చయ్యే శక్తంతా పెట్రోలు నుంచి వచ్చిందే. అరవై శాతం అన్నది సమయం, దూరం కాదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగి నిలబడిన నిమిషాలూ అందులో కలుస్తాయి. ఇందులో తప్పేమీ లేదు, మైలేజీ నిజంగానే బాగా వస్తుంది. కానీ గోడ దగ్గర నుంచి ఒక్క యూనిట్ కూడా తీసుకోలేదు. పటమట వాసి గారి కారు గోడ కరెంటుతో కొంత దూరం ఇంజన్ ముట్టుకోకుండా పోతుంది, ఆ తర్వాత మీ కారులా నడుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. నలభై పాతిక ఎందుకైంది? నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి, కొంచెం విడమరిచి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మొదటిది, పరీక్ష. ఆ 40 పాత యూరప్ పరీక్షలో తేలిన అంకె అయ్యుంటుంది. అందులో సగటు వేగం గంటకి 34 కి.మీ. కూడా ఉండదు, ఏసీ ఆపేసి చేస్తారు. మన దేశంలో ఎంఐడీసీ అనే పరీక్ష దాని నుంచే తయారైంది, అందులో గరిష్ఠ వేగం 90 మాత్రమే. తర్వాత యూరప్‌లో వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్షలో సగటు 46 దాటుతుంది, కాసేపు 131 దాకా వెళ్తుంది, కానీ గది 23 డిగ్రీల్లో ఉంటుంది, ఏసీ లేదు. మే నెలలో బెజవాడ 44, 45 చూస్తుంది. ఆ గదిలో తేలిన అంకె మన రోడ్డు మీద రమ్మంటే రాదు.

రెండోది, గాలి. కారు గాలిని చీల్చుకుంటూ పోవడానికి ప్రతి కిలోమీటరుకి పట్టే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 70లో పోయేటప్పటికంటే 100లో పోయేటప్పుడు ఆ ఖర్చు రెట్టింపు. వేగం పెరిగింది నలభై శాతమే, గాలికి కట్టేది రెండింతలు. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది.

మూడోది, ఏసీ. దీన్ని అందరూ హైవే మీద తిట్టుకుంటారు, అది ఎక్కువ తినేది ఊళ్ళో. ఏసీ గంటకి ఒకటిన్నర యూనిట్ లాగుతుందనుకోండి. ట్రాఫిక్‌లో గంటకి 20 కి.మీ. పోతే ఆ ఒకటిన్నర యూనిట్ 20 కిలోమీటర్ల మీద పడుతుంది. హైవే మీద 75లో పోతే 75 కిలోమీటర్ల మీద పడుతుంది. కిలోమీటరు లెక్కన దాదాపు నాలుగింతల తేడా. పైగా ఎండలో నిలబెట్టిన కారుని మొదట చల్లబరచడానికే గట్టి దెబ్బ పడుతుంది. 40 యూనిట్ల బ్యాటరీలో ఒక యూనిట్ పోతే తెలియదు. మీ దాంట్లో వాడుకోడానికి దొరికేదే ఎనిమిది చిల్లర ఉంటుంది, అందులో ఒకటి పోతే మూడు కిలోమీటర్లు పోయినట్టే.

పది యూనిట్లకి ఎనిమిదే ఎందుకంటే, బ్యాటరీ అడుగుకంటా వాడితే త్వరగా దెబ్బతింటుంది కాబట్టి కంపెనీలు పైనా కిందా కొంత వదిలేస్తాయి. 2010 చివర్లో అమెరికాలో అమ్మకానికొచ్చిన మొదటి షెవర్లే ఓల్ట్ 16 యూనిట్ల బ్యాటరీలో పదిన్నర లోపే వాడనిచ్చేది. ఆ జాగ్రత్త వల్లే అవి చాలా ఏళ్ళు బాగా నడిచాయి.

వీటన్నిటినీ కలిపితే మీకొచ్చే 25 అసహజం కాదు. అయినా బ్యాటరీ బాగుందో లేదో కిలోమీటర్లు చూసి చెప్పలేం. గోడ దగ్గర ఎన్ని యూనిట్లు తీసుకుంటోందో కొలవాలి.

పటమట_వాసి · 12 మే, ఉదయం 9:05

మాస్టారూ, చాలా థ్యాంక్సండి. గోడ దగ్గర కొలవడం ఎలా? మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ కామన్ మీటర్ మీద ఉంది, దానికి అసోసియేషన్ వాళ్ళు ఇప్పటికే గొణుగుతున్నారు.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ · 12 మే, మధ్యాహ్నం 1:20

అన్నా, సబ్ మీటర్ పెట్టించుకోండి. సింగిల్ ఫేజ్ డిజిటల్ మీటర్ చవకే, గంట పని. అసోసియేషన్ గొడవ కూడా దాంతోనే తీరుతుంది, నెలాఖరుకి రీడింగ్ చూసి డబ్బు కట్టేయొచ్చు. ఇంకా మంచిది మీ ఫ్లాటు మీటర్ నుంచే సెల్లార్‌కి విడిగా వైరు దించుకోవడం. నాలుగు ఎస్‌క్యూ ఎంఎం కాపర్ వైరు, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరి లాగితే ఆపేసే స్విచ్), షాక్ కొడితే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ. ఈ మూడిట్లో దేన్నీ తగ్గించొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్తా. ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఛార్జింగ్ పెట్టకండి. గీజర్ పావుగంట నడిచి ఆగుతుంది, కారు నాలుగైదు గంటలు ఆపకుండా లాగుతుంది. మొన్న ఒక అపార్ట్‌మెంట్‌లో చూశా. తెల్ల సాకెట్, ఫేజ్ రంధ్రం చుట్టూ గోధుమరంగు వలయం, ప్లగ్గు పీకితే పిన్ను నల్లబడి వచ్చింది. లోపల స్క్రూ వదులు, అంతే. ఓనరుకి వాసన కూడా తెలియలేదు. ఛార్జి పెట్టిన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేకపోతే వెంటనే ఆపేయండి.

ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు, ఎర్ర లైటు వెలిగి ఊరుకుంటాయి. కారు చెడిపోయిందని షోరూంకి పరిగెడతారు. ఎండాకాలం ఎర్త్ పిట్, అంటే ఎర్త్ వైరు భూమిలోకి దిగే గొయ్యి, ఎండిపోయి ఉంటుంది, ముందు అది చూడాలి.

ప్లగ్ పాయింట్ ఎత్తులో పెట్టించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో సెల్లార్లు ఎలా మునిగాయో అందరం చూశాం. ఆ తర్వాత నేను ఎవరికి పాయింట్ పెట్టినా ఛాతీ ఎత్తుకి తగ్గించట్లేదు.

నెక్సాన్_గుంటూరు · 12 మే, మధ్యాహ్నం 2:00

బుడమేరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. సెకండ్ హ్యాండ్‌లో ప్లగ్గున్న ఏ కారు కొన్నా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చరిత్ర తీయించి చూడండి. నీళ్ళలో మునిగిన హై వోల్టేజ్ బ్యాటరీ కారు కొనకూడదు. మీ బావగారి కారు కాబట్టి మీకు భయం లేదు, ఇది చదివే మిగతావాళ్ళ కోసం రాశా.

డల్లాస్_తెనాలి · 12 మే, రాత్రి 7:45

నమస్తే అండి, మాది తెనాలి, ఉండేది డల్లాస్. మా ఇంట్లో టయోటా ఆర్ఏవీ4 ప్రైమ్ ఉంది, అచ్చంగా ఈ రకమే. బ్యాటరీ 18.1 యూనిట్లు. ఇక్కడి ప్రభుత్వ లెక్కలో 42 మైళ్ళు, అంటే 67 కి.మీ. దాటుతుంది. అమెరికా లెక్క కాస్త నిజానికి దగ్గర. ల్యాబులో వచ్చిన అంకెని దాదాపు ముప్ఫై శాతం కోసి స్టిక్కర్ మీద వేస్తారు. అందుకే మార్చిలో, అక్టోబర్‌లో మాకు స్టిక్కర్ కంటే ఎక్కువే వస్తుంది. జనవరి చలిలో హీటర్ వేస్తే 50 చిల్లరకి పడిపోతుంది. ఆగస్టు ఎండలో ఇక్కడా 40 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు 60 దగ్గర ఆగుతుంది. మీకు చలి బాధ లేదు, అదొక అదృష్టం.

పటమట వాసి గారు, మీరు అడగని విషయం ఒకటి. మీ కార్లో హోల్డ్ అనో సేవ్ అనో ఒక బటన్ ఉండాలి. అది నొక్కితే బ్యాటరీని అలాగే ఉంచి ఇంజన్ మీద నడుస్తుంది. మీరు ఇప్పుడు బ్యాటరీనంతా హైవే మీద 100లో తగలేసి, గుంటూరు ట్రాఫిక్‌లోకి ఖాళీ బ్యాటరీతో పోతున్నారు. తిరగేయండి. పటమట నుంచి వారధి దాటేదాకా కరెంటు. హైవే ఎక్కాక హోల్డ్. గుంటూరు ఆటోనగర్ దగ్గర మళ్ళీ కరెంటు. పెట్రోలు ఇంజన్ ఒకే వేగంతో హైవే మీద పోయేటప్పుడు బాగా పనిచేస్తుంది, చుట్టుగుంట సిగ్నల్ దగ్గర ఆగి ఆగి పోయేటప్పుడు పెట్రోలు తాగేస్తుంది. ఎక్కడ ఏది బాగా పనిచేస్తుందో అక్కడ దాన్ని వాడాలి.

ఇంకో బటన్ కూడా ఉండొచ్చు, ఇంజన్‌తో బ్యాటరీని ఛార్జి చేసేది. దాని జోలికి పోకండి. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో చక్రం తిప్పడంలో ప్రతి మెట్టు దగ్గరా నష్టమే.

పాతబస్తీ_కుర్రాడు · 12 మే, రాత్రి 8:20

బ్రో, రోజూ ఇన్ని బటన్లు నొక్కుకుంటూ డ్రైవ్ చెయ్యాలా? మిగిలేది ఎంత?

గవర్నర్‌పేట_సీఏ · 12 మే, రాత్రి 10:30

మంచి ప్రశ్న, లెక్క కట్టి చూద్దాం. ఎనిమిది చిల్లర బ్యాటరీలోకి ఎక్కాలంటే గోడ దగ్గర తొమ్మిదిన్నర దాకా కాలుతుంది, ఛార్జర్‌లో వేడిగా కొంత పోతుంది. ఇంట్లో రెండు ఏసీలుంటే ఎండాకాలం నాలుగు వందల యూనిట్లు ఎలాగూ దాటుతాయి. ఆ పైన శ్లాబ్ యూనిట్ 9.75 రూపాయలు. అంటే ఒక ఫుల్ ఛార్జికి సుమారు 93 రూపాయలు. 25 కి.మీ. వస్తే కిలోమీటరుకి 3 రూపాయల 70 పైసలు. సర్దుబాటు ఛార్జీలు పైన వేసుకున్నా నాలుగు చిల్లర.

ఇదే బరువైన ఎస్‌యూవీ పెట్రోలు మీద 11 ఇస్తుందనుకుంటే, లీటరు 110 లెక్కన కిలోమీటరుకి 10 రూపాయలు. తేడా ఆరు రూపాయల పైచిలుకు. ఒక ఛార్జికి 150 దాకా మిగులు. 25 పనిదినాలకి దగ్గర దగ్గర నాలుగు వేలు.

డల్లాస్ గారు చెప్పిన హోల్డ్ పద్ధతిలో రోజుకి అర లీటరు, మహా అయితే ముప్పావు లీటరు కలిసొస్తుంది. మంచిదే, కానీ అసలు డబ్బు అక్కడ లేదు. పటమట వాసి గారి రోజువారీ ప్రయాణం 76 కి.మీ. పొద్దున ఛార్జి 25కి సరిపోతే మిగతా 51 పెట్రోలే. ఆఫీసు దగ్గర ఇంకోసారి ప్లగ్ పెట్టగలిగితే పెట్రోలు 26 కిలోమీటర్లకి దిగుతుంది, మిగులు ఎనిమిది వేల దగ్గరకొస్తుంది. కాబట్టి నా మాటేంటంటే, కారు కంటే ముందు లక్ష్మీపురం ఆఫీసులో 16 యాంప్స్ సాకెట్ దొరుకుతుందో లేదో చూడండి. అది దొరక్కపోతే ఈ కారు మీ దారికి సరిపడదు.

ఇదే సమస్య యూరప్‌లోనూ బయటపడింది. 2021 నుంచి అక్కడ అమ్మిన కార్లలో వాడిన ఇంధనాన్ని నమోదు చేసే మీటర్ ఉంటుంది. ఆ లెక్కలు తీసి 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ చెప్పిందేంటంటే, ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు రోడ్డు మీద వదిలే కార్బన్ డయాక్సైడ్ పరీక్షలో చూపినదానికి సగటున మూడున్నర రెట్లు. పెద్ద కారణం, జనం అనుకున్నన్ని సార్లు ఛార్జి పెట్టకపోవడం. కంపెనీ ఇచ్చిన కారు, కంపెనీ ఇచ్చే పెట్రోలు కార్డు ఉన్నవాళ్ళకి వైరు తీసి గుచ్చే అవసరమేముంది? పరీక్షలో మాత్రం అందరూ శ్రద్ధగా గుచ్చుతారని ఊహించి లెక్క కట్టారు.

భవానీపురం_లక్ష్మి · 13 మే, ఉదయం 7:10

ఇంత లాభం ఉంటే మన ఊళ్ళో కొత్త ప్లగ్-ఇన్ కార్లు షోరూంలలో కనపడవేం?

గవర్నర్‌పేట_సీఏ · 13 మే, ఉదయం 7:40

లక్ష్మి గారు, పన్ను ఒక కారణం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద హైబ్రిడ్ కార్ల మీద జీఎస్టీ 40 శాతం, అంతకుముందు సెస్సుతో కలిపి 43. ఎలక్ట్రిక్ కార్ల మీద 5 మాత్రమే. ప్లగ్ ఉన్నా సరే, పెట్రోలు ఇంజన్ ఉంటే హైబ్రిడ్ కిందే లెక్క. రెండు రకాల యంత్రాలు ఒకే కార్లో పెట్టడానికి ఖర్చూ ఎక్కువే. అందుకే ఇక్కడికి వచ్చినవి చాలావరకు కోటీశ్వరుల కార్లు. బీఎండబ్ల్యూ ఎక్స్ఎం 2022 డిసెంబర్‌లో వచ్చినప్పుడు 2 కోట్ల 60 లక్షలు. పటమట వాసి గారిలా సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తప్ప మధ్యతరగతి వాళ్ళ చేతికి రావు.

నెక్సాన్_గుంటూరు · 13 మే, ఉదయం 8:15

అదే నేననేది. రోజుకి 76 కి.మీ. అంటే నా పాత బండి కూడా మధ్యలో ఛార్జి లేకుండా రెండు రోజులు నడుస్తుంది. ఆఫీసు సాకెట్ కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు. హైదరాబాద్ 275 కి.మీ., సూర్యాపేటలో ఎలాగూ టిఫిన్‌కి ఆగుతాం, అక్కడ ఫాస్ట్ ఛార్జర్లు ఉన్నాయి. ఇంజనాయిలు లేదు, బెల్టు లేదు. ఒక కార్లో రెండు కార్ల సర్వీసు ఎందుకన్నా?

పటమట_వాసి · 13 మే, ఉదయం 8:50

మీరు చెప్పింది నిజమే తమ్ముడూ. నేనొక్కణ్ణే అయితే అదే తీసుకునేవాణ్ణి. అమ్మకి డయాలసిస్, హైదరాబాద్‌లో డాక్టర్ గారికి చూపించి అదే రోజు తిరిగి రావాలి. పొద్దున నాలుగింటికి బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరతాం. సూర్యాపేటలో ఛార్జర్ దగ్గర ముందు ఇంకో రెండు కార్లుంటే ఆవిణ్ణి కార్లో కూర్చోబెట్టి ఎదురుచూడాలి. ఆ ఒక్కటే నన్ను ఆపుతోంది.

బ్రాడీపేట_మాస్టారు · 13 మే, ఉదయం 9:30

బాబూ, అమ్మగారి విషయం ముందే చెప్పుంటే మేము ఇంత వాదించేవాళ్ళం కాదు. మీకున్నవి రెండు రకాల ప్రయాణాలు. రోజూ తెలిసిన దారి ఒకటి, ఆగడానికి వీల్లేని దూర ప్రయాణం ఒకటి. ఇలాంటివాళ్ళకే ఈ కార్లు తయారుచేశారు. అయితే సీఏ గారి షరతు నాది కూడా. రెండు చివరలా ప్లగ్ ఉండాలి.

ఒక విషయం చూసుకోండి. చిన్న బ్యాటరీ రోజూ నిండి, రోజూ ఖాళీ అవుతుంది. మీరు రోజుకి రెండుసార్లు చేస్తారు. నెక్సాన్ కుర్రాడి బ్యాటరీకి ఆ పని రెండు రోజులకొకసారి. కాబట్టి ఏళ్ళ లెక్కన అలసట దీనికే ఎక్కువ. వేడి కూడా శత్రువే. ఫుల్ ఛార్జితో మిట్టమధ్యాహ్నం ఎండలో గంటలకొద్దీ నిలబెట్టకండి, ఆఫీసులో నీడ ఉన్న చోటు అడగండి. సాయంత్రం బయలుదేరడానికి కాస్త ముందు ఛార్జింగ్ పూర్తయ్యేలా టైమర్ పెట్టుకోవచ్చు. వైరు గుచ్చి ఉండగానే ఏసీ వేసి కారు చల్లబరచగలిగితే ఆ ఒక యూనిట్ గోడ ఇస్తుంది, బ్యాటరీ కాదు.

ఇప్పుడు పరీక్ష చెప్తాను. బ్యాటరీ ఖాళీ అయి ఇంజన్ స్టార్ట్ అయిన రోజు, ఇంటికొచ్చి సబ్ మీటర్ రీడింగ్ రాసుకోండి. ఫుల్ అయ్యాక మళ్ళీ రాసుకోండి. తొమ్మిది దరిదాపుల్లో ఉంటే బ్యాటరీ బాగున్నట్టు. ఏడున్నర, ఎనిమిదికి పడిపోతే అరిగినట్టు, ఆ మేరకు ధర తగ్గించమని మీ బావగారినే అడగొచ్చు. తర్వాత అదే టైములో, అదే ఏసీతో, ఒక రోజు 70, 75 దాటకుండా వెళ్ళి ఇంజన్ ఎక్కడ స్టార్ట్ అవుతుందో చూడండి. టైర్లలో గాలి ముందు సరిచూసుకోండి.

మోడరేటర్ · 13 మే, ఉదయం 11:00

చర్చ చాలా ఉపయోగకరంగా ఉంది. ఈవీ మంచిదా, హైబ్రిడ్ మంచిదా అన్నదానికి వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ కరెంటు మీద వచ్చే దూరం గురించే మాట్లాడుకుందాం. పటమట వాసి గారు, ఫలితాలు తప్పకుండా రాయండి.

పటమట_వాసి · 29 మే, రాత్రి 9:15

మాస్టారూ, చెప్పినట్టే చేశాను. అసోసియేషన్ వాళ్ళు సబ్ మీటర్ అనగానే ఒప్పుకున్నారు, రీడింగ్ ఫోటో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాలన్నది ఒక్కటే షరతు. ఖాళీ నుంచి ఫుల్‌కి 9.1 యూనిట్లు తీసుకుంది. అంటే బ్యాటరీ బాగున్నట్టే కదా?

ఇక దూరం. 95, 100లో పోతే ఎప్పట్లాగే యూనివర్సిటీ దగ్గర. 70, 75 మధ్య ఎడమ వైపు లైన్‌లో వెళ్తే కాజ టోల్ దాటింది, యూనివర్సిటీ దాటింది, పెదకాకాని కూడా దాటింది. గుంటూరు ఊళ్ళోకి వస్తుండగా ఇంజన్ స్టార్ట్ అయింది. స్క్రీన్ మీద 32. అదే కారు, అదే ఎండ, ఏసీ కూడా అదే. ఆఫీసుకి చేరడానికి ఎనిమిది నిమిషాలు ఎక్కువ పట్టింది. వెనక లారీలు హారన్ కొడుతుంటే 70లో పోవడం రోజూ అయ్యే పని కాదు గానీ, ఏడు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయో కళ్ళారా చూశాను.

హోల్డ్ బటన్ కూడా వాడుతున్నాను డల్లాస్ గారు. వారధి దాటాక నొక్కి, కాజ టోల్ దాటాక తీసేస్తున్నాను. అప్పుడు ఆఫీసు గేటు దాకా కరెంటు సరిపోతోంది, పెట్రోలు మధ్యలో 12 కిలోమీటర్లకే. పాతబస్తీ తమ్ముడూ, బటన్ రెండుసార్లు నొక్కడమే, కష్టమేమీ లేదు. డబ్బు సంగతి పక్కన పెడితే, బ్యాటరీ అయిపోయి నూరు స్పీడులో చల్లటి ఇంజన్ ఒక్కసారిగా గర్జించడం తప్పింది. అది నాకు చాలా నచ్చింది.

గవర్నర్‌పేట_సీఏ · 29 మే, రాత్రి 9:50

ఆఫీసు సాకెట్?

పటమట_వాసి · 29 మే, రాత్రి 10:05

దొరికిందండి. సెక్యూరిటీ గది వెనక గోడకి ఒక 16 యాంప్స్ పాయింట్ ఉంది, పాత వాటర్ కూలర్‌ది. నీడ కూడా ఉంది. మేనేజర్ గారు నెలకి యూనిట్ల లెక్కన కట్టమన్నారు, అక్కడా సబ్ మీటర్ పెట్టిస్తున్నాను. ఒక్కటే సమస్య, మొదటి రోజు గుచ్చితే ఎర్ర లైటు వచ్చింది, ఛార్జింగ్ తీసుకోలేదు. ఇంటి దగ్గర అదే వైరు బాగానే పనిచేస్తోంది.

ఆటోనగర్_ఎలక్ట్రీషియన్ · 29 మే, రాత్రి 10:25

ఎర్తింగే అన్నా, నూటికి తొంభై పాళ్ళు. వాటర్ కూలర్ పాయింట్ అంటే ఎర్త్ వైరు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, లేదా అసలు పెట్టి ఉండరు. న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజ్ కొలిపించండి. రెండు, మూడు వోల్టుల లోపు ఉండాలి. ఎక్కువ చూపిస్తే కొత్త ఎర్త్ పిట్ తవ్వించాల్సిందే. న్యూట్రల్‌ని ఎర్త్‌కి లింకు కొట్టి ఛార్జింగ్ తెప్పిస్తామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. ఏదైనా తేడా వస్తే కారు బాడీకే కరెంటు వస్తుంది, మీ అమ్మగారు తలుపు పట్టుకుంటారు. గుంటూరులో నాకు తెలిసిన కుర్రాడున్నాడు, సోమవారం పంపిస్తా. ఆ పాయింట్‌కి మెయిన్ బోర్డు నుంచి వచ్చే వైరు మందం కూడా చూసి చెప్తాడు. అప్పటిదాకా ఆఫీసులో గుచ్చకండి.